నలభై ఒక్క డిగ్రీలు

“అద్దం పెట్టి చూడవే, మూల దానంతట అదే వస్తుంది” అన్నాడు ఆమె భర్త మూడు నెలల క్రితం, నోట్లో బ్రష్షు పెట్టుకుని. ఆ సలహా ఇచ్చిన మనిషి పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఇంట్లో ఒక్క అద్దాన్ని మేకుకి తగిలించిన పాపాన పోలేదు. పాల ప్యాకెట్ ఏ మూల కత్తిరించాలో ఇప్పటికీ అడుగుతాడు, లేసుకి మూల ఎలా తిప్పాలో మాత్రం నురగతో సహా చెప్పేస్తాడు. అంతా అద్దంతోనే అయిపోయేదైతే లెక్కల్లో డిగ్రీ ఎందుకు, కోణమానిని ఎందుకు, ఒక్కో కాగితం మీద నాలుగేసి వందల చుక్కలు పెట్టి ఆమె కళ్ళు పాడుచేసుకోవడం ఎందుకు? లేసు పట్టీ నమూనా మీద అద్దాన్ని వాలుగా నిలబెడితే అందులో పట్టీ మలుపు తిరిగినట్టు కనిపిస్తుంది, కాదనలేదు. కానీ ఆ చుక్కల గళ్ళు అంచుకి సరిగ్గా నలభై ఐదు డిగ్రీల వాలులో ఉంటేనే ఆ గారడీ పనిచేస్తుంది. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా అద్దానికి ఇవతలి చుక్కలు, అవతలి చుక్కలు ఎడమొహం పెడమొహం అవుతాయి. ఈ పట్టీ వాలు నలభై ఒకటి. ఆమె కొలిచింది. ఐదుసార్లు కొలిచింది, ఐదోసారి కేవలం ఆయన చూస్తున్నాడని కొలిచింది.

ఇప్పుడు గోడ గడియారంలో మూడూ రెండు నిమిషాలు. లేసు కేంద్రం వెనక గదిలో, మూడు కాళ్ళలో ఒకటి పొట్టిదైన పీట మీద కూర్చుని, ఎదురుగా దిండు మీద గుచ్చి ఉన్న గుండుసూదుల గుంపుని చూస్తోంది. చుక్కల కార్డు దిండు మీద పరచి, ప్రతి చుక్కలోనూ సూది గుచ్చి, ఆ సూదుల చుట్టూ చెక్క కండెల దారాలు మెలి తిప్పుకుంటూ పోతే లేసు అవుతుంది. ఆఖరి ముడి పడ్డాక గంటసేపు సూదులు తీయకూడదని ఇక్కడి నియమం. దారం తన చోటు తెలుసుకోవాలట. దారానికి గంట చాలు, ఈ గదిలో పదేళ్ళుగా కూర్చున్న వాళ్ళలో కొందరికి ఇంకా వాళ్ళ చోటు తెలిసిరాలేదు. కిటికీ పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కండెలు టకటకలాడిస్తూ ఎవరి అల్లుడికో జుట్టు రాలిపోవడం గురించి మాట్లాడుకుంటున్నారు, ఆ జుట్టు తమ దారాల్లో కలుస్తుందేమోనన్నంత ఆందోళనగా. ఆ ఇద్దరి మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వెలుతురు బాగా పడే చోటు, పర్మనెంటు చోటు. ఆ కుర్చీ కోసమే ఈ పరీక్ష. మూల అల్లి చూపించాలి, సూదులు తీసినప్పుడు బల్ల మీద చదునుగా పడుకోవాలి. మూడు అవకాశాలు. రెండుసార్లు మూల పైకి లేచింది. మూడోసారి కూడా లేస్తే రిజిస్టర్లో పేరు కొట్టేస్తారు, మళ్ళీ రాయరు.

పేరు ఆమెది కాదు, తోటికోడలిది. నమూనా ఆమెది.

తోటికోడలు దిండుకి అవతల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, డాక్టరు గది బయట కూర్చున్నట్టు. చూపుడువేలి పక్కన చర్మం చిట్లి ఉంది. చేతకానివాళ్ళకి చర్మమే చిట్లుతుంది, ఏంచేస్తాం. తొమ్మిదేళ్ళ క్రితం ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఇంతే, పని మొదలుపెట్టకముందే చెమట పడుతుంది పిల్లకి. కుట్టు మిషన్ నేర్చుకుంటానంది, సూది వేలిలో దింపుకుంది. టైపు నేర్చుకుంటానంది, మాస్టారు ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిపోవడానికి ఈవిడ టైపింగే కారణమని మరిది ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తాడు, ఈవిడా నవ్వుతుంది, అందరికంటే ముందు నవ్వుతుంది. అలాంటి మనిషి ఏడాది కింద ఇక్కడ కండెలు పట్టుకుంది, పట్టుకున్న వారానికే చేతులు చెప్పిన మాట విన్నట్టు కదిలాయని సూపర్వైజరమ్మ చెప్పింది. సూపర్వైజరమ్మ మాటకేం, ఆవిడ వాలుని వంపు అంటుంది, వంపుని సొంపు అంటుంది. కోణం అనే మాట నోట్లోంచి రాగా ఎవరూ వినలేదు.

“అక్కా, ఎంతయింది?”

“మూడూ పన్నెండు.”

“గడియారం నడుస్తోందా?”

“నడుస్తోంది. నీకోసం పరిగెత్తమంటావా?”

తోటికోడలు నవ్వింది. కిటికీ పక్క ఆవిడల్లో కళ్ళజోడామె కూడా నవ్వింది, తనకెవరూ చెప్పకపోయినా. ఇలాంటి వాళ్ళ మధ్య, ఇలాంటి పీట మీద, లెక్కల పట్టా పుచ్చుకున్న మనిషి కూర్చోవాల్సి రావడం! పట్టా వచ్చాక ఇరవై ఏళ్ళపాటు ఆ లెక్కలు దేనికి పనికొచ్చాయంటే కిటికీ కర్టెన్లకి ఎన్ని గజాలు కావాలో చెప్పడానికి, అదీ ఆయన మళ్ళీ టేపుతో సరిచూసేవాడు. అప్పుడు దొరికిందీ మూలల పని. కేంద్రంలో బీరువా నిండా పాత పట్టీ నమూనాలున్నాయి, రెండు వందలకి పైగా, ఒక్కదానికీ మూల లేదు. పూర్వం అల్లినవాళ్ళు తిన్నగా గజాల కొద్దీ అల్లుకుపోయి, గుడ్డ మూల దగ్గరికొచ్చేసరికి లేసుని ముడతలు పెట్టి దారంతో బిగించి, అదే అందమని సర్దుకునేవాళ్ళు. ఆలోచించడం కష్టమైన చోట ముడత పెట్టెయ్యడం. ఇళ్ళలోనూ అంతేగా. ఇప్పుడు కొనేవాళ్ళకి ముడతలు వద్దు, లేసు తొంభై డిగ్రీలు తిరిగి తనదారిన తాను పోవాలి. గళ్ళు ఎక్కడ తిరగాలి, ఎన్ని జతల కండెలు మూల దాకా వచ్చి ఆగాలి, ఏవి వెనక్కి మళ్ళాలి, ఇదంతా ఎవరు చెప్పాలి? ఆమె చెప్పింది. మొదటి మూల కాగితం మీద చూసి సూపర్వైజరమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. ఆ బుగ్గలు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి కడుపు నిండినట్టు ఉంటుంది. అలా పదకొండు మూలలు గీసింది, ఈ పట్టీది పన్నెండోది, అన్నిటికంటే పెంకిది. నలభై ఒకటి కదా. పదిహేడు కాగితాలు చింపింది. చుక్కలు కలవని చోట చివరికి ఐదు రేకుల పువ్వొకటి గీసి కప్పింది. రేకులు ఒక్కోటీ ఒక్కో కొలతలో ఉంటాయి, చూసేవాళ్ళకి తెలియదు, అందులోనే ఉంది తెలివంతా. చూసినవాళ్ళందరూ పువ్వు బాగుంది అన్నారు. పువ్వట! వంతెన కట్టినవాడిని పట్టుకుని రంగు బాగుందన్నట్టు.

మూడూ ఇరవై ఐదు. ఫ్యాను ఒక్కో చుట్టుకీ ఒకసారి గొంతు సవరించుకుంటోంది. ఈ ఫ్యానుని ఎవరో ఒకరు బాగుచేయించవచ్చు, కానీ అందరూ ఎవరో ఒకరి కోసమే చూస్తున్నారు. సూపర్వైజరమ్మ అప్పుడు, ఈ పట్టీ పని మొదట్లో, “అసలు కార్డు తీసిమ్మంటారా, దాని మీద కొలుచుకుంటారా?” అని అడిగింది. కార్డు! నలభై ఏళ్ళుగా ఎంతమంది చేతులు పడ్డాయో, నూనె మరకలతో అప్పడంలా ఉంటుంది, చుక్కలన్నీ సూదులు గుచ్చీ గుచ్చీ చీమల పుట్టలైపోయాయి. అలాంటి దాని మీద కొలిచేవాళ్ళు చెప్పింది చేసుకుపోయేవాళ్ళు. “కార్డు ఎవరో అనుకున్నది. లేసు నిజంగా జరిగింది. నేను జరిగినదాన్ని కొలుస్తాను” అని చెప్పి, అల్లిన పట్టీ ముక్క జానెడు ఇంటికి పట్టుకెళ్ళింది. ఆ వాక్యం తనకే ఎంత నచ్చిందంటే అదే రోజు భర్తకి చెప్పింది, పాలవాడికి చెప్పింది, ఫోనులో చెల్లెలికి చెప్పింది. చెల్లెలు “ఆహా” అని, పప్పు మాడుతోందని పెట్టేసింది.

మొదటిసారి మూల లేచిన రోజు తోటికోడలు భయపడుతూ వంటగది గుమ్మంలో నిలబడింది. “అక్కా, నాకు సరిగ్గా చెప్పడం రాదుగానీ, మామూలు కార్డు అయిపోయి నీ మూల కార్డు మొదలయ్యే చోట సూదులు కొంచెం ఎడంగా పడుతున్నట్టు అనిపిస్తోంది. చెయ్యి అక్కడ తడబడుతోంది” అంది. “అనిపించడం వేరు, ఉండడం వేరు” అంది ఆమె, ఉల్లిపాయ తరుగుతూ, తల కూడా ఎత్తకుండా. “నువ్వు దారం బిగించి లాగుతున్నావు. నీ చెయ్యి బిగుతు. వదులు చెయ్యి.” ఆ మాట మర్నాడు సూపర్వైజరమ్మకి కూడా చెప్పింది, వైద్యుడు వైద్యుడికి చెప్పినట్టు పక్కకి పిలిచి. సూపర్వైజరమ్మ తల ఊపింది, అప్పటినుంచీ ఆవిడ నోట కూడా అదే మాట. రెండోసారి వదులుగా అల్లింది పిల్ల, మూల ఇంకాస్త లేచింది. వదులు మరీ ఎక్కువైందని చెప్పారిద్దరూ. మూడోసారికి పది రోజులు పట్టింది. ఇంట్లో పప్పు గిన్నె దించేటప్పుడు కూడా వేళ్ళతో బిగువెంతో చూసుకునేది, గిన్నె చెవిని పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి. చూసేవాళ్ళకి పిచ్చెక్కేది.

“మంచినీళ్ళు తాగుతావా అక్కా?”

“నాకేం పరీక్షా? నువ్వు తాగు.”

తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని సూదుల వంకే చూస్తోంది. ఇలా అరగంట చూస్తే ఎవరికైనా చెయ్యి బిగుసుకుపోతుంది. అసలెంత బిగించిందో ఇప్పుడే తేల్చి చెప్పవచ్చు కదా, నాలుగు దాకా ఎందుకు? ఆ ఆలోచన రాగానే ఆమెకి హుషారొచ్చింది. సంచీలో చెయ్యి పెడితే చెప్పుల షాపు వాడిచ్చిన చీటీ దొరికింది, అంచులు తిన్నగా కోసిన చీటీ. దాని మూలని సగానికి మడిచింది. తొంభైలో సగం నలభై ఐదు, దీనికి కోణమానిని అక్కర్లేదు, ఐదో తరగతి చాలు. తిన్నని పట్టీ మీద, మూల మొదలవక ముందు, ఒక అంచు అడుగు వరస సూదులకి ఆనించి రెండో అంచు వాలు వరస పక్కన పెడితే నాలుగు డిగ్రీల సందు కనిపించాలి. కనిపించినంత కనిపించినట్టు, తగ్గినంత తోటికోడలి ప్రతాపం. చీటీ నిలబెట్టింది. సందు లేదు. సూదులన్నీ కాగితానికి భుజాలు ఆనించి సిపాయిల్లా నిలబడ్డాయి. నాలుగుకి నాలుగూ మింగేసిందన్నమాట! ఎంత చెయ్యి, ఇనుప చెయ్యి! ఇంత బిగించాక మూల లేవక ఏంచేస్తుంది? భర్తకి ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఎలా చెప్పాలో కూడా వాక్యం తయారైంది, “నాలుగు డిగ్రీలండీ, పూర్తిగా నాలుగు”, అక్కడ ఆగి మజ్జిగ పోసుకోవాలి.

మజ్జిగ దగ్గరే ఆగిపోయింది ఆలోచన. సూదులు. తను కాగితం ఆనించింది దారానికి కాదు, సూదులకి. దారాన్ని చెయ్యి లాగవచ్చు, వదలవచ్చు. సూది కార్డులో చుక్క ఎక్కడుంటే అక్కడ నిలబడుతుంది, దాని కింద గట్టి దిండు, ఏ చెయ్యి లాగినా చుక్క కదలదు. తిన్నని పట్టీ కింద ఉన్నది కేంద్రం వాళ్ళ అసలు కార్డు. అప్పడం కార్డు. చీమల పుట్టల కార్డు. అది నలభై ఐదు అంటోంది. చీటీని మెల్లగా జరిపి తన మూల కార్డు మీద సూదులకి పెట్టింది. కాగితానికీ సూదులకీ మధ్య సన్నని ముక్కోణపు సందు, కొస దగ్గర మొదలై అలా తెరుచుకుంటూ పోయింది. అక్కడే, ఆ సందు దగ్గరే, పిల్ల చెయ్యి తడబడుతోందన్నది.

అయితే తను కొలిచిన నలభై ఒకటి ఎక్కడిది? ఐదుసార్లు కొలిచిందే, దీపం కింద, కళ్ళజోడు తుడుచుకుని. లేసు ముక్క ఇంటికి తెచ్చిన సాయంత్రం దాని మీద ఎవరిదో పసుపచ్చని వేలిముద్ర ఉంది, చూడగానే ఒళ్ళు జలదరించింది. వీళ్ళు చేతులు కడుక్కోరు కదా అని గోరువెచ్చని నీళ్ళలో సబ్బేసి నానబెట్టింది. తడిగా ఉండగానే ఇస్త్రీ చేసింది. ముడతగా కనిపిస్తే తను ఊరుకునే మనిషి కాదు. ఎడమ చేత్తో ఒక కొస బల్లకి అదిమిపెట్టి, కుడి చేత్తో పెట్టె నొక్కి, పొడుగునా లాగింది. లేసు మెల్లగా సాగింది, ఎంత వినయంగా సాగిందనీ! వెడల్పు తగ్గింది, పొడుగు పెరిగింది, గళ్ళు నడుం వంచి పడుకున్నాయి. అటుగా వెళ్తూ ఆయన, “చింపేస్తావా ఏంటే దాన్ని?” అన్నాడు. “మీ పని మీరు చూసుకోండి” అంది. ఆరాక తీసి చూస్తే కొత్త రిబ్బనులా తళతళలాడింది. దాన్ని కొలిచింది. జరిగినదాన్ని కొలిచింది. జరిపింది కూడా తనే.

మూడూ నలభై. చెవుల్లో వేడి. అంటే ఈ పట్టీ మొదటినుంచీ నలభై ఐదే, పదిహేడు కాగితాలూ దండగే, పళ్ళు తోముకుంటూ చెప్పినా సరిపోయే పనే. ఆ సంగతి ఇప్పుడు ఎంత దూరం నెట్టినా తిరిగొచ్చి మొహం మీదే నిలబడుతోంది. పువ్వు! ఆ ఐదు రేకులూ ఏ గుంటా లేనిచోట కట్టిన వంతెన. బయటి అంచున ఉండాల్సిన దానికంటే పొడుగు ఎక్కువైంది, ఎక్కువైన పొడుగు ఎక్కడికి పోతుంది, పైకే లేస్తుంది. అది పిల్ల వదులుగా అల్లినా లేస్తుంది, బిగించి అల్లినా లేస్తుంది, సాక్షాత్తూ సూపర్వైజరమ్మ అల్లినా లేస్తుంది. సూపర్వైజరమ్మకి ఆపాటి అనుమానం రావద్దూ? రెండు వందల నమూనాలు బీరువాలో పెట్టుకున్న మనిషి, ఒక్కసారి ఒక కాగితం మడిచి చూడవద్దూ? బుగ్గల మీద చేతులు పెట్టుకోవడం తప్ప ఏం తెలుసావిడకి? ఆ కోపం కాసేపు హాయిగానే ఉంది, తర్వాత అదీ నిలబడలేదు, ఆవిడ కార్డు ఇస్తానంది కదా. కళ్ళజోడామె మీద కోపం తెచ్చుకుందామని చూసింది, ఆవిడ పాపం అల్లుడి జుట్టు దాటి ఇంకా ఎక్కడికీ పోలేదు. ఫ్యాను మీదా నిలవలేదు. ఇరవై నిమిషాలుంది. ఎవరికీ తెలియదు. వచ్చే నెల నిమ్మళంగా కొత్త కాగితం గీసి, “పాతదాన్ని ఇంకాస్త మెరుగుపరిచాను” అని ఇచ్చేస్తే అదీ మెప్పే. పదకొండు మూలల పేరు పన్నెండో దానితో ఎందుకు పోవాలి? పిల్లకి కుర్చీ రాకపోతే ఏమవుతుంది, ఇంట్లో ఉంటుంది, ఇప్పటిదాకా ఉండలేదా? కుట్టు మిషన్, టైపు, లేసు, వరసలో ఇంకొకటి. మరిదికి ఇంకో కథ దొరుకుతుంది, అందరూ నవ్వుతారు, ఇదీ నవ్వుతుంది. అందరికంటే ముందు.

“అక్కా, కాగితంతో ఏం చూశావు?” అంది తోటికోడలు, గొంతు తగ్గించి. “నా చెయ్యి ఎంత తేడా ఉంది?”

“ఏం లేదు. చెప్పుల చీటీ” అంది ఆమె, మడత విప్పి.

నాలుగయ్యేసరికి సూపర్వైజరమ్మ రేకు డబ్బా, రిజిస్టరు పట్టుకుని వచ్చింది. గదిలో కండెలు ఆగాయి. సూదులు ఒక్కొక్కటీ పీకి డబ్బాలో వేస్తోంది, టిక్కు, టిక్కు, ఆ ప్రతి టిక్కుకీ తోటికోడలు కనురెప్ప కొట్టుకుంటోంది. తిన్నని పట్టీ సూదులన్నీ వచ్చేశాయి, పట్టీ ఒద్దికగా పడుకుంది. మూల దగ్గర సగం సూదులు తీసేసరికే లేసు ఊపిరి తీసుకున్నట్టు కదిలింది. ఆఖరి సూది వచ్చాక పువ్వు రేకులు ఐదూ మెల్లగా పైకి లేచి, పెదవి విరిచినట్టు అలా నిలబడ్డాయి.

సూపర్వైజరమ్మ అరచేత్తో అదిమి చూసింది. తీయగానే మళ్ళీ లేచింది.

“ఏంచేస్తామమ్మా” అంది, నిజంగానే బాధపడుతూ. “కొందరి చెయ్యంతే. పట్టీలు బంగారంలా అల్లుతావు, మూల దగ్గరే బిగిసిపోతున్నావు. మూడైపోయాయి. నియమం నేను పెట్టింది కాదు.”

“తెలుసండి” అంది తోటికోడలు. నవ్వబోయింది, ఈసారి సరిగ్గా రాలేదు. “అక్క రెండు నెలలు కూర్చుని గీసింది. నా చేతిలో పడి పాడైపోయింది.”

సూపర్వైజరమ్మ రిజిస్టరు తెరిచి పేజీ వెతుకుతోంది. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది.

“ఆగండి” అంది ఆమె. “నమూనాలో... వాలు విషయంలో కొంచెం సవరణ అవసరమేమో అని.”

“నమూనాకేం, దివ్యంగా ఉంది కదండీ. ఆ పువ్వు చూడండి.”

“పువ్వు సంగతి కాదు. కొలతలో చిన్న...”

“ఊరుకో అక్కా” తోటికోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. చిట్లిన వేలు గరుగ్గా తగిలింది. “నాకోసం అబద్ధాలెందుకు చెప్తావు? అందరి ముందూ నువ్వెందుకు మాట పడటం?”

కళ్ళజోడామె, పక్కావిడ, ఇద్దరూ కండెలు వదిలేసి ఇటే చూస్తున్నారు. సూపర్వైజరమ్మ కళ్ళల్లో అప్పుడే మెచ్చుకోలు కనిపిస్తోంది, ఎంత మంచి తోటికోడలో అన్నట్టు. ఇక్కడ నోరు మూసుకుంటే తప్పు కప్పబడటమే కాదు, పైన మంచితనం కూడా దక్కుతుంది. ఇంత చవగ్గా దొరికే మంచితనం ఆమెకి వద్దు.

“నీకోసం అబద్ధం చెప్పేంత మంచిదాన్ని కాదే నేను” అంది, చెయ్యి విడిపించుకోకుండా. “ఎప్పుడైనా చెప్పానా? రిజిస్టరు మూయండి మీరు. అసలు కార్డు నలభై ఐదు. నేను లేసు ముక్కని తడిమీద లాగి ఇస్త్రీ చేసి, సాగిపోయినదాన్ని కొలిచి, నలభై ఒకటి అన్నాను. సూదులు ఎడంగా ఉన్నాయని ఇది మొదటిరోజే చెప్పింది, నేను వినలేదు. పైగా చెయ్యి బిగుతని మీకు ఎక్కించింది కూడా నేనే. దాని చెయ్యి బాగానే ఉంది. మూడుసార్లూ తప్పు నాది.”